సదయ్య ఒక ఫోల్డర్, ఎల్లన్న ఒక ఫోల్డర్

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

నడిచింది. పొద్దున పదకొండూ పదికి స్క్రిప్ట్ మొదటిసారి ఎక్కడా ఆగకుండా నడిచింది. క్లౌడ్‌లో స్కాన్_00001 నుంచి స్కాన్_41326 దాకా గుట్టగా పడి ఉన్న ఫైళ్లు ఒక్కొక్కటీ లేచి ఎవరింటికి వాళ్లు పోతున్నట్టు కదిలాయి. బొగ్గు కంపెనీ కార్మికుల సర్వీసు బుక్కు, మెడికల్ బోర్డు కాగితం, ఆధార్, రేషన్ కార్డు. స్క్రిప్ట్ ఒక్కోదాన్ని తెరిచి, లోపలి పేరు చదివి, ఉద్యోగి నంబరుతో ఫోల్డర్ చేసి అందులో పెడుతుంది. మనిషికొక ఫోల్డర్.

మొయినుద్దీన్ స్కానర్ వదిలేసి వచ్చి నా వెనక నిలబడ్డాడు. "ఇగ మన పని ఖతం భాయ్. రేపటి సంది భూపాల్ సార్ మనిద్దర్ని గూడ ఒక ఫోల్డర్‌ల పెట్టి తాళమేస్తడు."

నేను నవ్వలేదు. నవ్వే సంగతి కాదు. గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగినవాడి బతుకంతా ఒక అట్ట ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో కనుక్కుని చెప్పడానికి మధ్యలో ఎప్పుడూ ఒక దళారి ఉంటాడు. "దొరకతలేదు, రేపు రా" అన్న ఒక్క మాట మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. యంత్రం రేపు రమ్మనదు. యంత్రానికి చాయ్ తాగించలేరు. నా మంచం కింద ట్రంకుపెట్టెలో మూడొందల కరపత్రాలున్నాయి, అన్నీ రెండేసి సార్లు చదివాను. వాటన్నిటి కంటే ఇవాళ నేను రాసిన రెండు వందల పన్నెండు లైన్లు గట్టి పని చేశాయి. గొప్పకు రాసుకోవడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 5

ఇవాళ పదకొండు వేలు. చేత్తో అయితే నలుగురికి నాలుగు నెలలు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పక్క క్వార్టర్ కొమురెల్లి కాక చాయ్‌కి వచ్చాడు. బాపూ, కాకా ఒకే షిఫ్టులో ముప్పై ఐదేళ్లు బొగ్గు కోశారు, మొన్న దసరా తర్వాత ఒకే నెలలో మెడికల్ బోర్డు ఇద్దరినీ అన్‌ఫిట్ చేసింది. బాపుకు మోకాళ్లు, కాకకు ఊపిరి. ఇద్దరి జీతాలూ ఆగాయి. వారసత్వం కింద బాపు కొలువు అక్కకు రావాలి, కాక కొలువు జమునకు రావాలి. రాకపోతే క్వార్టర్లు కూడా ఖాళీ చెయ్యాలి.

నాకు రావలసిన కొలువే అది. నేనే వద్దన్నాను. భూమి దొర నుంచి దొర కొడుక్కు పోయినట్టు కొలువు కూడా పోవడమేంటని అందరి ముందూ అన్నాను. అక్క అప్పుడు, "సరే, నువ్వు విప్లవం చెయ్యి తమ్మీ, నేను దొరసానిని అయిత," అంది. అక్క చదువు చెప్పే ప్రైవేటు బడి మూతపడి రెండేళ్లయింది.

కాక గ్లాసు ఊదుకుంటూ అడిగాడు. "ఏం కిషన్, మా కాగితాలన్నీ కంప్యూటర్ల ఎక్కిచ్చినవట?"

"ఎక్కిచ్చుడే కాదు కాక, సర్దుతున్న. దొంగలను గూడ పడ్తది అది."

"దొంగలనా?"

చెప్పాను. సర్వీసు బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే స్క్రిప్ట్ ఆ రెండింటినీ కలపదు. రెండు పేర్లతో రెండు ఫోల్డర్లు చేసి 'తేడా' అనే పెద్ద ఫోల్డర్‌లో పడేస్తుంది. దళారులు ఒకడి కొలువును ఇంకొకడికి అమ్మిన కేసులన్నీ అట్లా బయటపడతాయి.

కాక చాయ్ ఊదడం ఆపాడు. బాపు వైపు చూశాడు. బాపు మోకాలికి నూనె రాసుకుంటూ తలెత్తలేదు.

"మంచిదే బిడ్డా," అన్నాడు కాక. గ్లాసులో సగం చాయ్ ఉండగానే లేచి వెళ్లాడు.

వాళ్ల తరానికి ఇవన్నీ కొత్త. భయం ఉంటుంది.

బాపుది వేరే సంగతి. బాయిలో పేరు సదయ్య, ఊళ్లో పేరు ఎల్లన్న. కాక కూడా బాయిలో లింగయ్య. ఆ కాలంలో కొలువు పిలుపు కాయితం ఒకరికి వస్తే ఇంకొకరు దిగారు, ఈ కాలనీలో ప్రతి వరుసకూ నలుగురు అట్లాంటివాళ్లుంటారు. గేటు దగ్గర చాయ్ పోసేవాడికి కూడా తెలుసు. అందరికీ తెలిసింది దొంగతనం ఎట్లా అవుతుంది? పైగా యంత్రం చెప్పిందే చివరి మాట కాదు. తేడాలో పడ్డ ప్రతి ఫైలుకూ ఒక మనిషి విచారించి సంతకం పెట్టాలి. 'చేత్తో పరిశీలించినవారు' అని ఒక గడి నేనే పెట్టించాను. ఆ మనిషి చూస్తాడు, అడుగుతాడు, సరిచేస్తాడు.

బాపు ఫైలు నేను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరి 12

మా కాంట్రాక్టరు భూపాల్ సార్‌తో గంట సేపు వాదించి గెలిచాను.

స్క్రిప్ట్ ఇప్పటిదాకా నా అకౌంట్‌లో ఉంది. అది తప్పని చెప్పాను. ఆపరేటర్ చేతిలో ఉంటే ఆపరేటర్‌ను కొంటారు. కాబట్టి దాన్ని సార్ అకౌంట్‌కు మార్చాను. ఇకమీద అందులో ఒక్క అక్షరం నేను కూడా మార్చలేను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి దానంతటది నడుస్తుంది. ఎవరైనా ఒక ఫైలును చేత్తో జరిపితే వచ్చే గంటకు దాన్ని పట్టుకొచ్చి మళ్లీ ఉండాల్సిన చోట పెడుతుంది. జరిపినవాడి పేరు, టైము లాగ్‌లో రాసుకుంటుంది.

"నీ మీద నీకే నమ్మకం లేదా తమ్మీ?" అన్నాడు సార్.

"నమ్మకం మనిషి మీద పెట్టొద్దు సార్. పద్ధతి మీద పెట్టాలె."

"ఇది ఏ పుస్తకంల ఉన్నది?"

"పుస్తకంల లేదు. నా సొంతం."

"అయితె పైలం. సొంతయి మీద పడ్తయ్."

నవ్వాడు. నవ్వనీ. సార్‌కు కావలసింది మార్చి 20 లోపల పని ముగించి కంపెనీ ఆఫీసుకు అప్పజెప్పడం. నాకు కావలసింది వేరు.

ఫిబ్రవరి 17

అయిపోయింది. మొత్తం 2,960 మంది. 2,548 మందికి చక్కగా ఒక్కో ఫోల్డర్. తేడాలో 412 మంది.

నాలుగు వందల పన్నెండు! నలభై ఉంటారనుకున్నాను.

మొయినుద్దీన్ ఆ జాబితాను పైనుంచి కిందికి జరుపుతూ ఒకచోట ఆగాడు. మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"నువ్వు చూసినవా?"

"లే. రేపు చూస్త."

"జర చూస్కో కిషన్ భాయ్." అంతే అన్నాడు. వాడు ఎప్పుడూ అంత తక్కువ మాట్లాడడు.

ఫిబ్రవరి 18

చూడలేదు. పని ఎక్కువ.

ఫిబ్రవరి 19

చూశాను.

తేడాలో వరుసగా రెండు ఫోల్డర్లు.

సదయ్య. అందులో ముప్పై ఐదేళ్ల సర్వీసు, రెండు ప్రమాదాల రిపోర్టులు, కుడి మోకాలి ఎక్స్‌రే, అన్‌ఫిట్ అని బోర్డు రాసిన కాగితం. పెళ్లాం లేదు. పిల్లలు లేరు. ఊరు లేదు.

ఎల్లన్న. అందులో ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు. భార్య లస్మవ్వ, బిడ్డ రాజకుమారి, కొడుకు కిషన్. ఒక్క రోజు పని చేసిన ఆనవాలు లేదు.

రెంటిలోనూ ఒకే మనిషి ఫొటో. పాతది ఒకటి, కొత్తది ఒకటి. స్క్రిప్ట్ ఫొటోలు చూడదు. పేర్లే చూస్తుంది. ఫొటోలు చూడమని నేను రాయలేదు.

కింద ఇంకా కొంచెం జరిపితే లింగయ్య ఒక ఫోల్డర్, కొమురెల్లి ఒక ఫోల్డర్.

ఫిబ్రవరి 20

సార్‌తో గొడవైంది. స్టేప్లర్ విసిరాను. గోడకు తగిలింది, మనిషికి కాదు.

నేనడిగింది న్యాయమైందే. ఒక రూలు మార్చాలి. మారుపేరు వేరు, అమ్ముకున్న కొలువు వేరు. మారుపేరు మనిషి అదే మనిషి, ముప్పై ఐదేళ్లు వాడే దిగాడు, వాడే కోశాడు. అమ్ముకున్నది అట్లా కాదు.

"నీ మిషన్‌కు ఆ రెండింటికి ఫరక్ తెలుస్తదా?" అన్నాడు సార్.

"తెల్వది. మనిషి చూడాలె. అందుకే గద గడి పెట్టింది."

"ఆ గడి ఎవరిదనుకుంటున్నవ్? నీదే. చేత్తో పరిశీలించెటోడివి నువ్వే."

"నాలుగు వందల పన్నెండు మంది ఇండ్లకు పోవాలె సార్. నస్పూర్‌ల ఉన్నరు, గోలేటిల ఉన్నరు. వీళ్లతోని పని చేయించిన పాత సర్దార్లను దొరకవట్టి అడగాలె. ఒక్కన్ని, ఆర్నెల్లు పడ్తది."

"నీకు నెల రోజులున్నది. ఆఫీసుల కూసోనే చెయ్యి."

"కూసోని ఎట్ల పరిశీలిస్త?"

"గది నాకెందుకు? గడి నేను పెట్టలే."

అప్పుడే విసిరాను.

తేడాలో ఉన్నవాళ్ల ఫైళ్లు విచారణకు పోతాయి. విచారణకు పోయిన ఫైలు తిరిగి రావడం ఈ కాలనీలో ఎవరూ చూడలేదు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 24

పొద్దున పదీ ఇరవైకి ఎల్లన్న ఫోల్డర్‌లోని కాగితాలన్నీ తీసి సదయ్య ఫోల్డర్‌లో పెట్టాను. ఆ ఫోల్డర్‌ను తేడాలోంచి తీసి మంచివాళ్ల వరుసలో పెట్టాను. తప్పు కాదు. సరిచేయడం. యంత్రం చేసిన పొరపాటును మనిషి దిద్దడం.

పదకొండు గంటలకు వెనక్కి వచ్చేసింది. నా కళ్ల ముందే. ఆధార్ జరిగింది, రేషన్ కార్డు జరిగింది, మా అవ్వ లస్మవ్వ పేరు జరిగింది.

పదకొండూ ఐదుకు మళ్లీ పెట్టాను. పన్నెండుకు వచ్చింది. ఒంటి గంటకు వచ్చింది. గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు అదిరినప్పుడు రెండైందని తెలిసింది, చూస్తే వచ్చేసి ఉంది.

ఎంత బాగా రాశాను దాన్ని!

ఫిబ్రవరి 25

తొమ్మిది సార్లు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ఆఫీసు బంద్. స్క్రిప్ట్‌కు పండుగ లేదు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే జరిపాను, ఎనిమిది సార్లు. అవ్వ ఉపవాసంతో గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. "నా ఉపాసం కంటె నీ జపమే ఎక్కువైంది. ఏమున్నది రా అండ్ల?"

"ఆఫీసు పని అవ్వా."

చివరి జాబితా తీసే నిమిషానికి ఫైలు సరైన చోట ఉంటే చాలుననుకుంటున్నాను. మార్చి 20 సాయంత్రం ఐదింటికి. ఐదుకు రెండు నిమిషాల ముందు జరిపితే?

ఫిబ్రవరి 27

జాబితా కూడా స్క్రిప్టే తీస్తుంది. ముందు అన్నీ సర్ది, ఆ తర్వాత తీస్తుంది. అట్లా రాసింది నేనే. మధ్యలో ఎవడూ వేలు పెట్టకుండా.

అయినా ఇవాళ కూడా జరిపాను.

మార్చి 4

అక్క పట్టుకుంది. నేను స్నానానికి పోయినప్పుడు ఫోన్ మోగితే తీసిందట. తెరిచి ఉన్న ఫోల్డర్లు చూసింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోన్ బాపు చేతిలో ఉంది.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో ఎట్లా జరపాలో అక్క చూపించింది.

"ఇదెవరు, నేనేనా?"

"ఇద్దరూ నువ్వే బాపు," అన్నాను.

"మంచిగనే సర్దినవ్. నేను గూడ గిట్లనే బతికిన. గేటు లోపట ఒకడు, బయట ఒకడు. మోకాళ్లు మాత్రం ఇద్దరియి నొస్తయ్."

నేను అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు. సదయ్య పేరుతో ఎందుకు దిగావని, అప్పుడే నీ పేరు మార్పించుకోకుండా ముప్పై ఐదేళ్లు ఏం చేశావని. బాపు ఫోన్ మంచం మీద పెట్టాడు.

"సదయ్య మా పెద్దమ్మ కొడుకు. పిలుపు కాయితం ఆనికచ్చింది. ఒక్క దినం దిగిండు. పైకచ్చి గేటు కాడ వాంతి చేస్కొని, సచ్చినా మల్ల పోనన్నడు. కాయితం ఖరాబైతదని నేను పోయిన. నాకు ఇరవై ఏండ్లు. మొదటి దినం మస్టర్ల హాజరుకు 'సదయ్యా' అని పిలిస్తె పలుకలే. ఎనుకున్నోడు గుద్దిండు. అప్పటి సంది పలుకుతున్న."

"ఇప్పుడు ఆయనతోని సంతకం పెట్టియ్యరాదా?" అంది అక్క.

"ఆడు సచ్చి పన్నెండేండ్లాయె."

అక్కడ నాకు ఆశ పుట్టింది. చావు సర్టిఫికెట్ తెస్తే ఈ పన్నెండేళ్లూ దిగింది బాపేనని రుజువవుతుంది కదా. బాపు నా మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. "సచ్చినోడు పన్నెండేండ్లు డ్యూటీ చేసిండని రాసిస్తవా? అది ఇస్తె నేను దొంగను. ఇయ్యకుంటె నేను లేనే లేను."

అక్క నా తువ్వాలు దండెం మీద ఆరేసింది. "నువ్వు రాసిందే గద తమ్మీ, నువ్వే తీసెయ్యరాదు," అంది.

తీసెయ్యలేనని చెప్పాను. తాళం నా దగ్గర లేదని చెప్పాను.

"ఎవలిచ్చిన్రు సార్‌కు?"

ఫోన్ తీసుకెళ్లి చార్జింగులో పెట్టాను.

మార్చి 7

కొమురెల్లి కాక ఆఫీసు కిందికి వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసమని కింద మొబైల్ షాపు అరుగు మీద కూర్చుని కబురు పంపాడు. ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు. మా ఇంట్లో తెలిసిందంటే కాక ఇంట్లో తెలిసినట్టే.

"నాది మీ బాపుది ఒక్కటే కథ. మీ బాపుది ఎట్ల చేస్తె నాది గట్లనే చెయ్యి. ఎక్కువ అడుగతలేను."

"చేస్త కాక. అందరియి చేస్త."

అప్పుడు నిజంగానే అనుకున్నాను.

రోజుకు తొమ్మిది సార్లు బాపు ఫైలు జరుపుతున్నాను. కాక ఫైలు ఒక్కసారి కూడా జరపలేదన్న సంగతి ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

మార్చి 10

సార్ టేబుల్ మీద లాగ్ ప్రింటు. పేజీలకు పేజీలు. ఎడమ వైపు టైము, కుడి వైపు నా పేరు.

"నూట ఇరవై ఏడు సార్లు," అన్నాడు సార్. "నాకు కోపం లేదు కిషన్. నా తండ్రైనా నేను గదే చేద్దు. కాని గిట్ల గంటకోసారి జరుపుడు ఏంది, అడుగుతె అయిపోవు గద."

తలుపు దగ్గరికి వేశాడు. స్క్రిప్ట్‌లో మినహాయింపు అనే చిన్న జాబితా ఉంది. పరీక్షించేటప్పుడు నేనే పెట్టి తీసెయ్యడం మరిచిపోయాను. అందులో ఏ నంబరు రాస్తే ఆ ఫైలును స్క్రిప్ట్ ముట్టదు. ఆయన అకౌంట్‌లోంచి రాయొచ్చు. బాపు నంబరు రాస్తానన్నాడు.

"మిగిలిన నాలుగు వందల పదకొండుకు నువ్వు సంతకం పెట్టు. చేత్తో చూసిన, రెండు పేర్లు ఇద్దరు వేర్వేరు మనుషులవని. పని ముగుస్తది. నీ గడే."

"చూడకుండ ఎట్ల పెడ్త సార్?"

"చూడకుండ రూలు రాసినవ్ గద."

లాగ్ ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

మార్చి 11

చించేశాను. నిన్న సాయంత్రం నుంచి నాలుగు పేజీలు రాసి చించేశాను. పద్ధతి గురించి, మనిషి గురించి. అన్నీ ఎక్కడో చదివిన వాక్యాలే వచ్చాయి. సంతకం పెట్టను. కొలువు వదిలేస్తాను, చౌరస్తాలో నిలబడి చెప్తాను. నాలుగు వందల పన్నెండు మందిని పోగుచేస్తాను. కంపెనీ ఆఫీసు ముందు కూర్చుంటాము.

మార్చి 12

కూర్చుంటే ముందు అడిగేది బాపునే. సదయ్య ఎవరని.

మార్చి 13

నేను పెట్టకపోయినా ఎవరో ఒకరు పెడతారు. సార్ మొయినుద్దీన్‌ను కూడా అడిగాడట. వాడు పెట్టనన్నాడట. రంజాన్ రోజా ఉన్నాను, అబద్ధం మీద సంతకం పెట్టనన్నాడట. రోజా ముప్పై రోజులే కదా. తర్వాత?

వాడు కాకపోతే ఇంకొకరు.

మార్చి 15

పదిహేడు పేజీలు. పేజీకొక సంతకం.

తప్పనిసరి కాబట్టి పెట్టినదాన్ని తప్పు అనలేము. ఇంకా విచారణ ఉంది. విచారణలో అందరికీ మాట్లాడే అవకాశం ఉంటుంది. నేను రాసింది చివరి మాట కాదు. ఒక్క కుటుంబమైనా నిలబడితే, నిలబడ్డ ఆ కుటుంబం మిగిలినవాళ్ల కోసం కొట్లాడొచ్చు. అందరం మునిగితే ఎవరు కొట్లాడతారు?

తొమ్మిదో పేజీలో పైనుంచి నాలుగో లైను కాకది. అక్కడ పెన్ను ఆగిందని రాసుకోవాలని ఉంది. ఆగలేదు. ఆ పేజీకీ సంతకం కిందే, మిగిలిన వాటిలాగే.

బాపు ఫైలును చివరిసారి మంచివాళ్ల వరుసలోకి జరిపాను, సార్ నా ముందే మినహాయింపులో నంబరు కొట్టాడు. పన్నెండు గంటలకు స్క్రిప్ట్ నడిచింది. బాపు కదలలేదు.

మార్చి 16

ఒక్కసారి కూడా జరపలేదు. చెయ్యి మాత్రం గంటగంటకూ ఫోన్ మీదికి పోతోంది.

మార్చి 22, శనివారం

కంపెనీ ఆఫీసు గోడకు కొలువుల జాబితా అంటించారు. అక్క పేరు 188వది. తండ్రి పేరు దగ్గర సదయ్య అని ఒక్కటే ఉంది.

అవ్వ ఏడ్చింది. అక్క ఏడవలేదు, ఆ కాగితాన్ని ఫోన్‌తో నాలుగు సార్లు ఫొటో తీసింది. బాపు నన్ను వాకిట్లోకి రమ్మన్నాడు.

"ఎంతిచ్చినవ్?"

"పైసలేం ఇయ్యలే బాపు."

"ఇయ్యకుంట అయ్యిందా?"

"అయ్యింది."

బాపు గోడ పట్టుకుని కూర్చున్నాడు, మెల్లగా, ముందు ఒక మోకాలు తర్వాత ఇంకోటి. "పైసలిస్తె మంచిగుండు," అన్నాడు.

మార్చి 23

"కొమురెల్లి కాకది గూడ అయ్యిందా?" అంది అక్క.

"అయితది."

"జమున పేరు జాబితల లేదు."

"రెండో జాబిత ఉంటది."

"ఉంటదా?"

అన్నం దగ్గర నుంచి లేచాను. అక్క కూడా లేచింది, నా కంచం తీసి కడిగింది. నా కంచం అక్క ఎప్పుడూ కడగదు.

మార్చి 24

మొయినుద్దీన్ స్కానర్‌ను గోడ వైపు తిప్పుకున్నాడు. ఎండ పడుతోందట.

మార్చి 25

సాయంత్రం కొమురెల్లి కాక మా ఇంటికి వచ్చాడు. వెంట జమున. బాపు ఇంట్లో లేడు, వాళ్లు రావడం చూసి పక్క వీధిలోకి వెళ్లాడని తర్వాత తెలిసింది.

కాక కంపెనీ ఆఫీసుకు వెళ్లొచ్చాడు. కిటికీలోంచే చెప్పారట, మీ ఫైలు విచారణకు పోయింది, లింగయ్య, కొమురెల్లి వేర్వేరు మనుషులని చేత్తో పరిశీలించి సంతకం పెట్టారు అని.

"ఎవడచ్చిండు బిడ్డా నా ఇంటికి?" అన్నాడు కాక. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఎవడడిగిండు? మీ బాపును అడిగినా చెప్తుండె. గేటు కాడ కుక్కనడిగినా చెప్తుండె. నా మొకం చూడనోడు నేను నేను కాదని సంతకం పెట్టిండు."

నేను నిలబడే ఉన్నాను. అవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"నువ్వు మంచిగ రాస్తవ్. చిన్నప్పటి సంది చూస్తున్న. ఆని మీద ఒక దరఖాస్తు రాయి. పెద్ద సార్‌కు ఇస్త. గట్టిగ రాయి. భయపడకు, సంతకం నాది."

జమున కాగితం, పెన్ను కవర్లోంచి తీసి ముందు పెట్టింది. కొత్త పెన్ను.

వద్దని ఏం చెప్పాలి? కూర్చున్నాను. రాశాను. ఒక పేజీన్నర. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. ముప్పై ఐదేళ్లు భూమి కింద ఉన్న మనిషిని ఒక్కసారి కూడా చూడకుండా, గదిలో కూర్చుని లేడని రాసినవాడు ఎవరైనా సరే, వాడిని పిలిపించి, ఈ మనిషి ముందు నిలబెట్టి, ఇతడెవరో చెప్పమని అడగాలని రాశాను. కోపమే. నిజమైన కోపమే, అబద్ధం కాదు.

చదవమన్నాడు కాక. చదివాను. జమున కళ్లు తుడుచుకుంది. వంటగది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేదు.

"శభాష్ బిడ్డా," అన్నాడు కాక. కాగితం తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. చదవడం రాదు, అయినా చూశాడు. ఒకచోట వేలు పెట్టాడు. "ఈడ ఖాళీ ఉంచినవేంది?"

"సంతకం పెట్టినోని పేరు కాక. తెలిసినంక రాద్దామని."

"రేపు పోయి అడిగి రాయించుకొస్త. మొదటి పేజీ మీదనే ఉంటదట." మళ్లీ ఆ ఖాళీ వైపు చూశాడు. బొటనవేలు ఆనించి కొలిచాడు. "గింత జాగ చాలుతదా, ఆని పేరుకు?"

చాలుతుందన్నాను.